పలకకూడని పిలుపు

మా తమ్ముడు అన్సెల్మోకి నోరు ఊరుకోదు. ఊళ్ళో ఉన్నంతసేపూ అది నాకు సరదాగానే ఉండేది గానీ, కొండ మీద మాత్రం ఒళ్ళు మండేది. ఇరవై రెండేళ్ళుగా ఆ రాతికొండ మీదికి జనాన్ని ఎక్కించి దించుతున్నవాణ్ణి. అడవిలోంచి గోడలా నిటారుగా లేచి, పైన బల్లపరుపుగా పరుచుకున్న కొండ అది. పైకెక్కాక అరవకూడదు, ఎవరినీ పేరుపెట్టి పిలవకూడదు. రాతి లోపల ఉండేవాళ్ళు వింటారు. విన్న పేరును దాచుకుని, తర్వాత మనకు తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తారు. పలికామా, ఇక వాళ్ళ మనుషులమే.

నిజం చెప్పాలంటే నేను దీన్ని సగమే నమ్మేవాణ్ణి. మిగతా సగం నాకు పనికొచ్చేది. పైకొచ్చే యాత్రికుల నోళ్ళు మూయించడానికి ఇంతకంటే మంచి మాట లేదు. అన్సెల్మో నవ్వులాటగా తీసుకుంటాడని వాడికి మరీ గట్టిగా చెప్పాను. వాడు మొదటిసారి మూట మోసుకుంటూ పైకొచ్చిన రోజే, నా గొంతుతో పిలిచినా సరే పలికితే చెంప పగలగొడతానన్నాను.

"నీ గొంతుతో పిలిస్తే కింద కూడా పలకబుద్ధి కాదులే అన్నా," అన్నాడు వాడు.

వానలు వెనకబట్టిన నెలలో నలుగురు యాత్రికులు వచ్చారు. మూటలకు అన్సెల్మో, మా అక్క మొగుడు ఫుల్హెన్సియో బావ, నేను. పైన రెండో రోజు మధ్యాహ్నం మంచు దిగింది. మేము బస చేసిన రాతి చూరు నుంచి నీటిమడుగుకి వంద అడుగుల దూరం కూడా ఉండదు. అన్సెల్మో గిన్నె పట్టుకుని నీళ్ళకు వెళ్ళాడు. పొయ్యి మీద పెట్టింది మాడిపోయింది గానీ వాడు రాలేదు.

ఆ పైన రాయి అంతా పగుళ్ళే. కొన్ని కాలు పట్టేంత, కొన్ని మనిషి పట్టేంత. అంచున మొలిచిన పొదలు పగుళ్ళను కప్పేస్తాయి. తాడు తీసుకుని నేనూ బావా ఒక్కో పగులూ తొంగి చూసుకుంటూ వెళ్ళాం. కాసేపటికి బావ నా చెవిలో, ఒక్కసారి పిలిచి చూద్దామన్నాడు. వద్దన్నాను. అప్పటిదాకా సగమే నమ్మినవాణ్ణి కదా, తమ్ముడు కనబడకపోయేసరికి మొత్తం నమ్మేశాను. భయం పట్టుకున్నాక సగం నమ్మకం ఎవడికీ ఉండదు. చీకటి పడేదాకా నోరు విప్పకుండా తిరిగాం. రాత్రంతా వాన కురిసింది.

మర్నాడు సాయంత్రానికి నావల్ల కాలేదు. మడుగు పక్కన ఎత్తు రాయి ఎక్కి, "అన్సెల్మో" అని పిలిచాను. ఇరవై రెండేళ్ళలో ఆ కొండ మీద నేను గొంతెత్తడం అదే మొదలు. ఇంకోసారి, మరోసారి, గొంతు బొంగురుపోయేదాకా పిలిచాను. ఎదురు గోడ నా పిలుపునే నాకు తిప్పి కొట్టింది. బావ ముఖం తిప్పుకుని నిలబడ్డాడు.

వాడికి ఇంకో పేరుంది. మాలో పిల్లలు పుట్టగానే అమ్మ ఒక పేరు పెడుతుంది. చర్చి పుస్తకంలో రాయించేది లోకానికి, ఇది ఇంటికి. ఇంటి గోడలు దాటి బయట అనకూడదు. బావకు కూడా తెలియదు. ఆ పేరు నా పళ్ళ దాకా వచ్చింది. తమ్ముణ్ణి ఎలాగూ పోగొట్టుకున్నాను, పేరు కూడా ఈ రాళ్ళకిచ్చి పోవాలా అనిపించి మింగేశాను. అప్పుడు అదే తెలివి అనుకున్నాను.

ఆ మర్నాడు పొద్దున మంచు విడిచింది. నేను నిలబడి పిలిచిన రాయికి నలభై అడుగుల్లో ఒక పొద కొమ్మ విరిగి కనబడింది. కింద రెండు నిలువుల లోతున అన్సెల్మో ఉన్నాడు. తుంటి విరిగింది. ఒళ్ళంతా నానిపోయి, పెదాలు నల్లబడ్డాయి. కానీ కళ్ళు తెరిచే ఉన్నాడు. తాడు మీద దిగి వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాను.

"నిన్న పిలిచింది నువ్వేనా?" అన్నాడు.

నేనేనన్నాను.

"అచ్చం నీలాగే ఉందే అనుకున్నా. ఆ కసురుడు కూడా. అబ్బ, భలే నేర్చుకున్నార్రా వీళ్ళు అనుకుని టోపీ నోట్లో కుక్కుకున్నా." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "పలకలేదు చూశావా. పుట్టి బుద్ధెరిగి ఇప్పటికి ఒక్కసారి నీ మాట విన్నా."

మెచ్చుకుంటానని నా ముఖంలోకి చూశాడు. మంచి పని చేశావురా అన్నాను. ఇంకేం అనగలను?

మూటలు మోసే బుట్టకు కాళ్ళు బయటికి వచ్చేలా ఒక పక్క కోసేసి, వాణ్ణి అందులో కూర్చోబెట్టి వీపుకు కట్టుకున్నాను. గోడ దిగే దారిలో కాసేపు ఏదో గొణిగాడు. తర్వాత వాడి గడ్డం నా భుజానికి ఆనింది. అలసటకు నిద్రపోయాడనుకుని చాలా దూరం నడిచాను. వెనక వస్తున్న బావ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపాడు. దింపి చూశాం. పోయాడు. యాత్రికుల్లో ఒకామె, మొదటి రోజే ఎందుకు కేకెయ్యలేదని అడిగింది. మంచు ఎక్కువగా ఉందన్నాడు బావ.

అమ్మ ఏడవలేదు. రొట్టెకి కర్రపెండలం దుంప కోరుతున్న చేతులు అలాగే ఉన్నాయి, పిప్పి అంటుకుని. మొదట్నుంచీ చెప్పమంది. చెప్పాను. దాస్తే ఆమె దగ్గర నిలవదని తెలుసు. వాడు టోపీ కుక్కుకున్న మాట దగ్గర కళ్ళు మూసుకుంది.

"ఏ పేరుతో పిలిచావు?"

"అన్సెల్మో అని."

"నేను పెట్టిన పేరుతో పిలవలేదా?"

కొండ వింటుందని ఊరుకున్నానన్నాను. వాడెలాగూ పోయాడనుకున్నాను, అది కూడా పోకూడదనే కదమ్మా అన్నాను.

"వాళ్ళకి తెలీకూడదనే కదరా ఆ పేరు పెట్టింది," అంది అమ్మ. గొంతు పెంచలేదు. "అది వినపడితే, ఇంట్లోవాళ్ళే వచ్చారని తెలిసేది వాడికి. పలికేవాడు."

పూడ్చిపెట్టి వచ్చిన సాయంత్రం రొట్టె, మిరపపులుసు వాకిట్లో పెట్టి, తినమని నన్ను లోపల్నుంచి పిలిచింది. "ఎవారిస్తో" అని పిలిచింది. అది నా చర్చి పేరు. నలభై ఆరేళ్ళలో ఆ ఇంట్లో అమ్మ నోట నేను ఆ పేరు వినలేదు. ఇప్పుడు రోజూ ఆ పేరుతోనే పిలుస్తోంది.