రేవు సందులో వీధి తలుపు

నేను ఒక వీధి తలుపుని. వీధి తలుపంటే సగం ఇంటిది, సగం సందుది. లోపలి మాటలు వీపుతో వింటాను, బయటి మాటలు మొహంతో వింటాను. రెండువైపులా ఎవరూ నన్ను లెక్కచెయ్యరు కాబట్టి నా దగ్గర అందరూ నిజమే మాట్లాడతారు.

మాది బర్మా టేకు. నన్ను తెచ్చిన ఓడ విశాఖపట్నం ఒడ్డుదాకా రాలేదు. అప్పటికింకా లోపలి రేవు తవ్వలేదు. ఓడలు దూరంగా సముద్రంలోనే ఆగేవి, సరుకు పడవల మీద ఒడ్డుకి చేరేది. దుంగల్ని మాత్రం తాళ్ళు కట్టి నీళ్ళలోనే ఈడ్చుకొచ్చేవారు. అలా మొదటి రోజే నాకు ఉప్పునీళ్ళ స్నానం అయింది. కరక్కాయలు, నువ్వులు ఎగుమతి చేసే పందిరి జగ్గప్ప అనే షావుకారు రేవు సందులో మేడ కట్టిస్తూ నన్ను కొన్నాడు. వడ్రంగి నా నెత్తిన రెండు చిలకల్ని చెక్కాడు. ఒక చిలక ముక్కు విరిగితే లక్కతో అతికించి షావుకారుకి చెప్పకుండా ఊరుకున్నాడు. గృహప్రవేశం నాడు జగ్గప్ప నా రెక్క మీద చెయ్యి వేసి, "ఇంక మనవాళ్ళు ఇక్కణ్ణించి కదిలే పని లేదు" అన్నాడు.

కదిలారు. జపానువాళ్ళ బాంబులు పడిన ఏడు ఊరు ఊరంతా బళ్ళెక్కి పారిపోయింది. జగ్గప్ప కొడుకులు నాకు తాళం వేసి, లాగి చూసి, సందు మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూసి వెళ్ళారు. యుద్ధం అయిపోయాక వచ్చారు గానీ, ఉండడానికి కాదు, పంచుకోవడానికి. హాల్లో అడ్డగోడలు లేచాయి, మెట్ల కింద వంటిల్లు వెలిసింది. మేడ కాస్తా వాటాలైంది. షావుకారు వంశం రాయపూర్‌లో కొందరు, హైదరాబాదులో కొందరు స్థిరపడి, అద్దెలు వసూలు చెయ్యడానికి కామేశం అనే ఏజెంటుని పెట్టారు. ఏటా సున్నం వేయించేవారు. వానాకాలం వచ్చేసరికి గోడల్లోంచి ఉప్పు తెల్లగా నూగులా పైకొచ్చి ఆ సున్నాన్ని నేలకి దులిపేసేది.

కింది వాటాలో పరదేశి ఉండేవాడు. పేరుకి పరదేశి గానీ పుట్టింది, పెరిగింది ఆ సందులోనే. రేవులో ఓడల సరుకు మోసే కళాసీ పని చేసి, బొగ్గు దుమ్మూ ధాన్యపు దుమ్మూ పీల్చి, దగ్గు ఒక్కటే మిగుల్చుకుని ఇంటి పట్టున కూర్చున్నవాడు. భార్య తవిటమ్మ ఎండుచేపల వ్యాపారం. పొద్దున్నే గంప నెత్తికెత్తుకుని నన్ను మోకాలితో తెరిచేది. గాలి ఎక్కువైతే పరదేశి లేచి వచ్చి నాకు రాయి అడ్డం పెట్టేవాడు.

మేడ మీది వాటాలోకి భ్రమరాంబ వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్. ఒక ట్రంకుపెట్టె, ఒక కిరసనాయిలు స్టవ్వు, తులసి మొక్క ఉన్న డబ్బా, ఆవిడ సామానంతా అంతే. నా దగ్గరికి వచ్చేసరికి ఎండుచేపల వాసన తగిలి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఏటమ్మా, అలగ నిలబడిపోనావు? రెండ్రోజులు పోతే వాసన రాదులే," అంది తవిటమ్మ నవ్వుతూ.

"అలవాటైపోతుందా?"

"లేదు. నీ ముక్కే మాట ఇనడం మానేస్తాది."

నిజంగానే మానేసింది. ఆ తర్వాతి ఏడు భ్రమరాంబకి టైఫాయిడ్ వస్తే, ఆఫీసువాళ్ళు పళ్ళు ఇచ్చి వెళ్ళారు, తమ్ముడు వచ్చి మెట్ల మీదే నిలబడి పలకరించి వెళ్ళాడు. తవిటమ్మ మాత్రం సబ్బు అరిగేలా చేతులు తోముకుని, వేరే గిన్నెలో గంజి కాచి పైకి మోసింది. నేల మీదే పక్క వేసుకుని పడుకుంది. ఆ జ్వరం తగ్గాక ఇద్దరూ సాయంత్రాలు నా గడప మీద కూర్చునేవారు. అప్పుడు విన్నాను భ్రమరాంబ కథ.

పెళ్ళయిన కొత్తలోనే భర్త పోయాడు. అత్తవారింట్లో వెనక గది ఇచ్చి, మరిది పెళ్ళి కుదరగానే ఆ గది కావాలన్నారు. పుట్టింట్లో వంటింటి పక్క వరండా ఇచ్చి, తమ్ముడికి పిల్లలు పుట్టగానే ఆ వరండా కావాలన్నారు. హాస్టల్లో ఉంటే వయసు మించిందన్నారు. ఎవరూ గెంటలేదు. అందరూ ఎంతో మర్యాదగానే అడిగారు.

"నన్ను ఎవరూ లేవమనని చోటు ఒక్కటి ఉంటే చాలు తవిటమ్మా. చిన్నదైనా సరే, పాతదైనా సరే," అనేది.

మేడ మీద ఆవిడ కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందట. తలుపునయ్యాక నేను దాన్ని చూడలేదు, నా మొహం సందువైపు. రెండు ఇళ్ళ సందులోంచి చేటంత సముద్రమే గానీ, రేవులోకి వచ్చే ప్రతి ఓడా అందులోంచే దాటాలట. డ్యూటీకి వెళ్ళే ముందు దాన్ని చూసి దిగేది. దిగేటప్పుడు ఆ మెట్ల మీద అడుగులు వింటే నాకే తెలిసిపోయేది, ఆ పూట ఓడ కనిపించిందో లేదో.

అలా ఏళ్ళు గడిచాక, జగ్గప్ప వారసులు ఇల్లు అమ్మేద్దామనుకున్నారు. కామేశం వచ్చి ఆ మాట చెబితే భ్రమరాంబ ఆలోచించలేదు. "నేను కొంటాను," అంది. అంత గట్టిగా ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మెడలో ఉన్నదీ, పీఎఫ్‌లో ఉన్నదీ పోగు చేసింది. మిగతాది బ్యాంకు లోను.

కామేశం నన్ను సగం మూసి, గొంతు తగ్గించాడు. "ఒక్క ఇబ్బంది ఉందమ్మా. బ్యాంకువాళ్ళు వచ్చి చూస్తారు. కింద కాపురం కనబడితే లోను ఇవ్వరు. ముందు వీళ్ళని ఖాళీ చేయించాలి."

"వాళ్ళు నాతోనే ఉంటారు. నేనేం పంపించను."

"మీ ఇష్టం. విజయనగరం పార్టీ ఒకటి సిద్ధంగా ఉంది. వాళ్ళు కొంటే కిందవాళ్ళతో పాటు పైవాళ్ళనీ లేపుతారు. గోడౌను కడతారట."

ఆవిడ ఆ రోజు డ్యూటీకి వెళ్ళలేదు. సాయంత్రం పరదేశి గది ముందు చాలాసేపు నిలబడింది. చివరికి నా గడప మీదే, ముగ్గురూ కూర్చున్నప్పుడు, నేల చూస్తూ చెప్పింది.

"కొద్ది రోజులే. సంతకాలు అయిపోగానే మీ గది మళ్ళీ మీదే. ఆ తర్వాత అద్దె కూడా వద్దు. నా మీద నమ్మకం ఉంచండి."

తవిటమ్మ భర్తవంక చూసింది. "వానలెల్లేదాకా ఆగితే బాగున్నమ్మా. ఈడి దగ్గు సూస్తన్నావు కదా."

"నేనూ అదే అడిగాను. కామేశం ఆగనంటున్నాడు."

పరదేశి కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఊరుకోయే. పరాయోడు కొంటే ఎలాగూ పోవాల. అమ్మ కొంటే తిరిగొస్తాం. మరేటి?"

జాలారిపేటలో ఇసక మీద తవిటమ్మ చెల్లెలి పాక ఉంది. అక్కడికి సామాను రిక్షాలో వేశారు. పరదేశి చివరగా బయటికి వచ్చి, అలవాటు ప్రకారం నా రెక్కలు దగ్గరికి లాగాడు. "గాలికి కొట్టుకుంటాది. గడియ ఎట్టుకోండమ్మా," అన్నాడు. ఇల్లు ఖాళీ చేస్తున్నవాడు ఇంటి గడియ సంగతి చెప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే.

బ్యాంకువాళ్ళు వచ్చారు. గోడల్ని వేళ్ళతో కొట్టి చూశారు, ఖాళీ గదిలోకి తొంగి చూసి తల ఊపారు. అంతా సవ్యంగానే ఉందనుకుంటే రాయపూర్ వారసుడు సంతకానికి రానన్నాడు. వాటా చాలదన్నాడు. ఆ తగువు తేలేలోపు వానలు ముంచుకొచ్చాయి. అల్పపీడనం పట్టి సముద్రం పాకలదాకా వచ్చి పోయేదట. భ్రమరాంబ గొడుగు వేసుకుని మందులు పట్టుకెళ్ళేది. వచ్చేటప్పుడు చీర అంచు నిండా తడి ఇసక. "ఇదిగో, ఈ వారంలో అయిపోతుంది" అని వాళ్ళకి చెప్పి వచ్చేది. ఆ మాట కామేశం ఆవిడకి చెప్పేవాడు. అతనికి హైదరాబాదు నుంచి ఎవరో చెప్పేవారు.

చివరికి ఒక మధ్యాహ్నం రిజిస్ట్రేషన్ అయింది. ఆవిడ ఆటో దిగి నా తాళం తీసి, నా రెక్కకి నుదురు ఆనించి నిలబడింది. ఆ వెచ్చదనం నాకు ఇంకా గుర్తు. వెంటనే పని మనిషిని పిలిచి కింది గది కడిగించింది. సాయంత్రం జాలారిపేట వెళ్దామంటే వాన ఆగలేదు. పొద్దున వెళ్ళొచ్చనుకుంది.

పొద్దున తవిటమ్మే వచ్చింది. గడప బయట నిలబడిపోయింది. ఎప్పుడూ మోకాలితో తోసుకుని వచ్చే మనిషి నన్ను వేలితో కూడా ముట్టుకోలేదు.

"రా తవిటమ్మా! అయిపోయింది, ఇల్లు మనదైంది. నీ గది కడిగించి ఉంచాను. పరదేశి ఏడీ?"

"ఆడు పోనాడమ్మా. నిన్న మజ్జానం. పెద్దాసుపత్రికి తీసుకెల్తే మంచం ఇచ్చేలోపే పోనాడు."

భ్రమరాంబ నా రెక్క పట్టుకుంది. నా గొళ్ళెం చప్పుడైంది.

"పొద్దుట దాకా అడుగుతానే ఉన్నాడు. సంతకాలు అయిపోనాయేటే అని. అయిపోతాయి, పడుకో అన్నాను."

"నువ్వు లోపలికి రా. నీకు మాట ఇచ్చాను. నువ్వు ఇక్కడే ఉండాలి, నా దగ్గరే."

"నీ తప్పు కాదమ్మా. నువ్వు మంచిదానివే," అంది తవిటమ్మ. అందులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే భ్రమరాంబకి అంత కష్టం ఉండేది కాదనుకుంటాను. "ఆడు నేకుండా ఆ గదిలో నానేటి సేస్తాను? పెరట్లో సేపలెండేసే తాడు ఉండిపోనాది. అదిప్పించు, ఎల్తాను."

భ్రమరాంబ పెరట్లోకి వెళ్ళి, ముడి విప్పలేక, కత్తిపీటతో కోసి తెచ్చింది. తవిటమ్మ దాన్ని చుట్ట చుట్టి భుజాన వేసుకుని సందు మలుపు తిరిగింది. మళ్ళీ ఆ సందులోకి రాలేదు. ఎండుచేపలు అమ్మడానికి కూడా రాలేదు.

అలా భ్రమరాంబ ఇంటి యజమానురాలైంది. గృహప్రవేశం చెయ్యలేదు. ఆఫీసువాళ్ళు స్వీట్లు అడిగితే ఇచ్చింది. తమ్ముడు ఇప్పుడు మెట్లెక్కి పైకి వచ్చి, సముద్రం చూసి, "మంచి పని చేశావక్కా," అన్నాడు. కింది గదికి తాళం వేసేసింది. ఎవరు అద్దెకి అడిగినా లేదనేది. తాళం వేసిన గదిలో ఉప్పు మరీ తొందరగా ఎక్కింది. మేస్త్రీని పిలిస్తే గోడని గోటితో గీకి, రాలిన పొడి చూపించాడు. "ఇందులో ఇటుక లేదమ్మా. ఇటుక ఆకారంలో ఉప్పుంది," అన్నాడు. అయినా సిమెంటు పూశాడు. ఆ సిమెంటు మరుసటి వానలకి పలకలు పలకలుగా ఊడి పడింది.

ఎక్స్ఛేంజిలో మనుషుల బదులు యంత్రాలు వచ్చాయి. ఆవిడ రిటైరైంది. ఆవిడ కిటికీకి ఎదురుగా ఎవరో అపార్ట్‌మెంటు లేపారు. ఒక్కో అంతస్తూ లేస్తుంటే ఆవిడ మెట్లు దిగే చప్పుడు మెల్లబడుతూ వచ్చింది. ఒక రోజు కూరలకి వెళ్తూ పక్కింటావిడతో, "ఇవాళ్టితో మూసుకుపోయింది," అంది. ఏమిటని పక్కింటావిడ అడగలేదు. సందులోంచి ఒక్కొక్కరే కొండల వెనకున్న కొత్త కాలనీలకి పోతున్నారు. ఆవిడ ఎక్కడికీ పోలేదు. బ్యాంకు వాయిదాలు కట్టడం అయిపోయింది గానీ, ఆ ఇంట్లో ఆవిడ ఒక్కసారైనా గట్టిగా నవ్వినట్టు నేను వినలేదు.

పెద్ద తుపాను వచ్చిన ఏడు మేడ మీద కప్పు సగం కూలింది. నా చిలకలు రెండూ పోయాయి. ఆవిడ కిందికి దిగి, ఇన్నేళ్ళ తర్వాత పరదేశి గది తాళం తీసి అందులో పడుకుంది. కొన్నాళ్ళకి కార్పొరేషన్ నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చి, నా మీద ఎర్రరంగుతో గుర్తు పెట్టాడు. నోటీసు అంటించాడు.

"ఇల్లు ప్రమాదకరంగా ఉందండి. ఖాళీ చెయ్యాలి."

"ఇది నా సొంత ఇల్లు బాబూ," అంది ఆవిడ.

"సొంతదేనండి. అందుకే నోటీసు మీ పేరు మీద వచ్చింది." ఆ అబ్బాయి కూడా మర్యాదగానే అన్నాడు.

అమ్మకానికి పెడితే వచ్చినవాళ్ళు సందు వెడల్పు చూసి, కారు పట్టదని వెనక్కి తిరిగారు. చివరికి పక్క గోడౌనువాళ్ళు స్థలానికి మాత్రం బేరం ఆడారు. ఇంటికి విలువ కట్టలేదు. పైగా కూల్చే కూలి ఆవిడే భరించాలన్నారు. ఆవిడ దేనికీ అడ్డు చెప్పలేదు. మర్రిపాలెం వైపు ఎవరింట్లోనో ఒక గది అద్దెకి తీసుకుంది.

కూల్చడం పెరటివైపు నుంచి మొదలైంది. ఆ పూట తులసి డబ్బా కోసం వచ్చింది. అప్పటికే వెనక గోడ పడిపోయింది. పరదేశి గదిలో ఎండ పడుతోంది. డబ్బా చంకన పెట్టుకుని బయటికి వచ్చి, నా రెక్కలు దగ్గరికి లాగి, గొళ్ళెం పెట్టి, తాళం వేసింది. లాగి చూసింది.

గునపం పట్టుకున్న కూలివాడు నవ్వాడు. "మామ్మా, ఎనక అంతా బయలే కదేటి!"

ఆవిడ ఒకసారి అటు చూసింది. "అవును నాయనా," అని తాళంచెవి సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ తర్వాత ఏమైందో నాకు తెలీదు. తవిటమ్మ ఉందో లేదో కూడా తెలీదు.

తాళంతోనే నన్ను గుమ్మంతో సహా పెకలించి, పాత కలప అమ్మే అడితీకి తోలారు. ఇక్కడ చాలా నెలలు పడి ఉన్నాను. బీచి రోడ్డు హోటలుకి పాత తలుపులు కావాలని ఇవాళ పొద్దున ఎవరో వచ్చారు. చెక్క మంచిదేనా, తెరుచుకుంటుందా అని అడిగారు. అడితీవాడు రంపపు బ్లేడుతో తాళం కోసి, బలంగా లాగాడు. తెరుచుకున్నాను.

నా వెనక ఇంకో తలుపు ఉంది. దాని వెనక ఇంకొకటి.