రెండో అభిప్రాయం

మా బీమా ఆఫీసులో మగవాళ్ళకు వైద్యం మీద ఎంత శ్రద్ధో కొన్ని ఫైళ్ళు వచ్చినప్పుడే తెలుస్తుంది. మోకాలి చిప్ప మార్పిడి ఫైలు మూడు వారాలు బల్ల మీద పడి ఉన్నా ఎవరూ ముట్టుకోరు. రొమ్ముల్లో పెట్టించుకున్న ఇంప్లాంట్లు తీయించుకుంటానని ఏ ఆడమనిషైనా దరఖాస్తు పెడితే మాత్రం ఆ పూటే నలుగురూ కుర్చీలు లాక్కుని వచ్చేస్తారు. అలాంటి దరఖాస్తుకు ఫొటోలు జతచేయాలి. ఒకరు చూశాక ఇంకొకరు చూసి అభిప్రాయం రాయాలని నియమం. మావాళ్ళు నియమానికి మించి పనిచేసేవారు. మా సెక్షన్ హెడ్డయితే తెర మీద బొమ్మను పెద్దది చేసి మరీ చూసేవాడు. అందుకే ఆయనకు భూతద్దం అని పేరు పెట్టాను.

పేరైతే పెట్టాను గానీ పదకొండేళ్ళలో ఒక్కసారీ నోరు మెదపలేదు. ఫొటోలు విడిగా ఒక ఫోల్డరులో పెట్టి "వచ్చాయండీ" అని చెప్పడం నా పని. అంతటి ఘనురాలిని.

అలాంటి నాకు ఎడమవైపు ఇంప్లాంట్ పగిలిందని స్కానింగ్‌లో తేలింది. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ముచ్చటపడితే పెట్టించుకున్నవి. ఇప్పుడు చుట్టూ పొర గట్టిపడి, చెయ్యి పైకెత్తితే ప్రాణం పోతోంది. రెండూ తీసెయ్యాలంది డాక్టరమ్మ. అందం కోసం పెట్టించుకున్నవి ఊరికే తీయిస్తే బీమా రాదు. పగిలితే వస్తుంది, రుజువులు చూపించాలి. రుజువులంటే స్కానింగ్ రిపోర్టు, మూడు ఫొటోలు. అవి వెళ్ళేది మా సెక్షన్‌కే.

"సొంత డబ్బుతో చేయించుకో, పరువైనా దక్కుతుంది," అన్నాడు మా ఆయన. ఆ డబ్బు ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. ముచ్చట ఆయనదీ, పరువు నాదీ.

అక్కకు ఫోన్ చేసి ఏడ్చాను.

"ఫొటోలు పంపకపోతే ఏమవుతుంది?" అంది.

"ఫైలు పక్కన పడేస్తారు."

"పంపితే?"

కుర్చీల సంగతి చెప్పాను.

"మరి ఇన్నాళ్ళూ నువ్వక్కడ ఏం చేస్తున్నావే?"

సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు ఫొటోలు ఫోల్డరులో పెట్టలేదు. ప్రింటు తీసి, కవరులో వేసుకుని, భూతద్దం బల్లకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఏంటమ్మా ఇది?"

"నా దరఖాస్తండీ. ఫొటోలు కవరులో ఉన్నాయి. చూసి సంతకం పెట్టండి."

"అక్కడ పెట్టి వెళ్ళు, తర్వాత చూస్తాలే."

"పర్లేదండీ, కూర్చుంటాను. రెండో అభిప్రాయానికి వీళ్ళనీ పిలవనా?"

మిగతా ముగ్గురికీ ఎక్కడలేని పనీ ముంచుకొచ్చింది. ఒకడు పాడైపోయిందని మేమంతా వదిలేసిన ప్రింటరును బాగుచెయ్యడానికి లేచాడు. భూతద్దం చెవులు ఎర్రబడ్డాయి. కవరు అంచు కూడా తాకకుండా స్కానింగ్ కాగితం చదివి సంతకం గీకాడు.

"రిపోర్టు చాలమ్మా. అందులో అంతా ఉంది."

రిపోర్టు చాలట. పగిలిందో లేదో చెప్పేది ఆ కాగితమేనని ఆయనకు మొదటి నుంచీ తెలుసు. నాకూ తెలుసు.

ఆపరేషన్ అయ్యాక నీరు కారడానికి పెట్టిన గొట్టం చెరో పక్క వారం రోజులు వేలాడింది. ఆరు వారాలు బరువెత్తొద్దన్నారు. అక్క వచ్చి తల దువ్వింది, కట్లు మార్పించడానికి తీసుకెళ్ళింది. "ఇదివరకటిలా లేవు," అన్నాడు మా ఆయన, అదేదో నేను గమనించనట్టు. "లేను," అన్నాను. చర్మం వదులై ముడతలు పడింది, నిజమే. కానీ పక్కకు తిరిగి హాయిగా పడుకుంటున్నాను.

తిరిగి ఆఫీసుకు వెళ్ళిన రోజే ఎవరో ఆవిడ దరఖాస్తు వచ్చింది. రిపోర్టు, మూడు ఫొటోలు. వెనక కుర్చీ చక్రాలు కదిలాయి.

"రిపోర్టు చాలండీ," అన్నాను వెనక్కి తిరక్కుండానే.

చక్రాలు ఆగిపోయాయి. గెలిచాననుకుని ఒక పూటంతా పొంగిపోయాను. సాయంత్రం పాత ఫోల్డరు చెరిపేద్దామని తెరిచాను. రెండు వందల పద్నాలుగు మంది ఉన్నారు. ఒక్కొక్కరినీ "వచ్చాయండీ" అని మావాళ్ళను పిలిచి మరీ చూపించింది నేనే.