పిలిచింది ఎవరిని

మూడోసారి ఇస్త్రీ చేసిన చొక్కాను సిత్లాలి తన భర్త ఎవరిస్తోకు అందించింది. "చేతుల దగ్గర ముడత పోలేదు చూడు," అన్నాడతను. ఆమె మళ్లీ తీసుకుంది.

ఇద్దరూ పుయెబ్లా నగరంలో ఒకే తరగతిలో ఇంజనీరింగ్ చదివారు. పట్టాలు వచ్చిన రెండేళ్లకు కూడా ఉద్యోగాలు రాలేదు. చివరికి కొత్త వ్యాపారాలకు చోటిచ్చే విశ్వవిద్యాలయం ఇంక్యుబేటర్‌లో చిన్న గది దొరికితే, నాగజెముడు ఆకులు ఎండబెట్టి, ఆ పిండితో రొట్టెలు కాల్చి అమ్మసాగారు. అక్కడ ఇంజనీరింగ్ చదివినవాళ్లను, ఆడైనా మగైనా, "ఇన్హే" అనే పిలుస్తారు. ఇంట్లో మాత్రం ఆ పిలుపు ఎవరిస్తో ఒక్కడిదే. "ఇన్హే అలిసిపోయి వచ్చాడు, కాఫీ పెట్టమ్మా," అనేది అత్తగారు. పొద్దస్తమానం ముళ్లు గీకి వచ్చిన కోడలి వేళ్లు ఆవిడ కంటపడేవి కావు. ఎవరైనా అడిగితే, "తనూ సాయం చేస్తుంది," అనేవాడు ఎవరిస్తో, మెచ్చుకుంటున్నాననే అనుకుని. ఆ మాట విన్నప్పుడల్లా, తన పనిలోకి తనే చుట్టపుచూపుగా వచ్చినట్టుండేది సిత్లాలికి.

నిన్న ఆ గది ఫోన్‌కు ఒక ఆహార కర్మాగారం నుంచి కబురొచ్చింది. "ఇన్హే, ఇంక్యుబేటర్‌వాళ్లు చూపించిన మీ ప్రయోగాల పుస్తకం చదివాం. మాకు అలాంటి మనిషి కావాలి. రేపు పదింటికి వస్తాం." ఫోన్ ఎత్తిన ఎవరిస్తో ఆ పిలుపు తనకేననుకున్నాడు. చొక్కా అందుకే.

పదింటికి వచ్చినావిడ పుస్తకం తెరిచింది. "ఆకు ఎండబెట్టే వేడిని అరవై డిగ్రీల నుంచి యాభైకి ఎందుకు తగ్గించారు, ఇన్హే?"

ఎవరిస్తో నవ్వాడు. "అలాంటివన్నీ మా ఆవిడ చూసుకుంటుందండీ."

రొట్టెల పళ్లెం తెస్తున్న సిత్లాలి ఆగిపోయింది. "అరవైలో ఆకు నల్లబడుతోంది. యాభైలో రెండు గంటలు ఎక్కువ పట్టినా పచ్చదనం నిలుస్తుంది."

"ఈ రాత మీదా?"

"నాదే."

"అయితే నిన్న మేం పిలిచింది మిమ్మల్నే." ఆవిడ నియామక పత్రాన్ని బల్ల మీద సిత్లాలి వైపు తిప్పింది.

"ఎవరికొచ్చినా ఒకటేలెండి," అన్నాడు ఎవరిస్తో, ఉంగరం తిప్పుకుంటూ. "కాకపోతే ఇక్కడి పని ఎవరు చూస్తారు? అమ్మకి కూడా చెప్పాలి. ఇంట్లో మాట్లాడుకుని చెప్తాం."

తనకు భయం వేస్తుందనుకుంది సిత్లాలి. ఒక్క క్షణం దానికోసం ఆగింది కూడా. రాలేదు. ఒంటి మీంచి తడిబట్ట తీసేసినట్టు తేలిగ్గా ఉంది.

"మాట్లాడుకోవడం అయిపోయిందండీ," అంది, పెన్ను కోసం ఆవిడ వైపు చెయ్యి చాపుతూ.