తుడిచిన రెక్క

పొయ్యి మీద పొగ లాగే ఫ్యాను రెక్కలు ఏడాదికోసారి విప్పి కడగాలి. డిసెంబరు ఆఖరున ఊరంతా ఇళ్ళు దులుపుకునే రోజుల్లో మా ఇంట్లో ఆ పని నాది. సోడా కలిపిన వేడినీళ్ళలో నానబెడితే పైజిడ్డు మెల్లగా మెత్తబడుతుంది. ఏడాది పొడుగునా కాల్చిన చేపలన్నీ ఆ రెక్కల మీద తమ గుర్తు వదిలి వెళ్ళి ఉంటాయి. అంచున నలుపు, లోపలికి వచ్చేకొద్దీ ముదురు తేనెరంగు, మర చుట్టూ పాత నూనె పసుపు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ కళ్ళు మూసుకుని కడిగేశాను గానీ, ఈమధ్యే కడిగే ముందు వెలుతురులోకి పట్టుకుని చూడటం మొదలుపెట్టాను. ఇంజను వెనక పొగమరక కూడా ఇలాగే ఉండాలి కదా అనుకుంటాను. ఒట్టి నల్లరంగు పూస్తే అది మసి కాదు, సిరా ఒలికినట్టు ఉంటుంది.

నేను బొమ్మ విమానాలకు మురికి పూస్తాను. వినడానికి వింతగా ఉంటుంది గానీ మా షిజుఓకాలో ఇది వింత కాదు. జపానులో ప్లాస్టిక్ బొమ్మల కిట్లు తయారయ్యే ఊరు మాది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నేనూ ఇంటి దగ్గర కూర్చుని కంపెనీ వాళ్ళిచ్చిన బొమ్మలకు కళ్ళు దిద్దేదాన్ని. వంటయ్యాక, బట్టలారేశాక, మా అత్తగారికి కాళ్ళు పట్టాక. దాన్ని ఎవరూ ఉద్యోగం అనలేదు. "మా కోడలు ఊరికే కూర్చోదు, ఏదో ఒకటి గీకుతూ ఉంటుంది" అనేవారు అత్తగారు చుట్టాలతో. నా కుంచె అలా కుదిరింది.

మా ఆయన మినోవా షిగెహారు గారు రిటైరయ్యాక ఒక నీటి విమానం కిట్ కొన్నారు. దీవులకు మందులూ ఉత్తరాలూ చేరవేసే పాతకాలపు విమానం, చక్రాల బదులు కింద రెండు పడవల్లాంటి కాళ్ళు. ఊళ్ళో మోడల్ క్లబ్బులో చేరారు కూడా. ఒక రెక్క అతికించేసరికి ఆయనకు విసుగొచ్చింది. "రంగులు వృథా పోతాయి, కావాలంటే నువ్వు ఆడుకో" అన్నారు. ఆడుకున్నాను. ముందు వెండిరంగు, దాని మీద బూడిదరంగు, అది పూర్తిగా ఆరకముందే తడి కుంచెతో అంచులు రుద్ది కింది వెండి కనబడేలా చేయడం. తర్వాత నూనెరంగు చుక్కలు పెట్టి గాలి వీచే వైపుకు లాగడం. చివరికి సుద్దకడ్డీ గీకిన పొడితో మసి. శిమిజు రేవుకు చేపలు కొనడానికి వెళ్ళినప్పుడల్లా పడవల అడుగున ఉప్పు ఎక్కడిదాకా పట్టిందో, తెల్లగీత ఎలా వంకర పోయిందో చూసి వచ్చేదాన్ని.

క్లబ్బు పెద్ద నగుమో గారు నేను తీసుకెళ్ళిన మొదటి నమూనా చూసి మర్యాదగానే చెప్పారు. "మినోవా గారి ఆవిడా! ఆడవాళ్ళు రంగులు చక్కగా వేస్తారండీ, కాదనను. కానీ మురికి వేయడం మగవాళ్ళ పని. యంత్రం ఎక్కడ కారుతుందో, చెయ్యి ఎక్కడ పడుతుందో తెలియాలి. ప్రతి మరకకూ ఒక కారణం ఉండాలి." నేను తలూపి వచ్చేశాను. దారిలో బస్సులో నవ్వొచ్చి ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాను. నాకా మురికి గురించి చెప్పడం? మా ఇంటి తలుపు పిడి పక్కన గోడ ఏ ఎత్తులో నల్లబడుతుందో, అది ఎవరి చెయ్యో చెప్పగలను. స్నానాల గది గుమ్మం ఎవరి మడమతో అరిగిందో చెప్పగలను. అయినా ఆయన చెప్పిన మాట మంచి మాట. కారణం ఉండాలి. ఆ మాట నాకు అక్కరకొచ్చింది. పైలట్ కూర్చునే చోటుకన్నా, రోజూ విమానం ఎక్కి ఇంధనం పోసి, అద్దాలు తుడిచి దిగే మనిషి అడుగు పడే చోట రంగు ఎక్కువ పోవాలని నాకు తోచింది. అక్కడే పోగొట్టాను. రెండోసారి చూసినప్పుడు నగుమో గారు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని చాలాసేపు వంగి చూశారు. "జనవరి ప్రదర్శనలో బల్ల మీద పెట్టండి" అన్నారు.

జనవరిలో, క్లబ్బు బల్ల మీద, నా పేరు రాసిన అట్టముక్కతో. ఆ మాట ఇంట్లో చెబితే మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, "మినోవా దంపతులు అని రాయి. కొన్నది నేనేగా" అన్నారు. మర్నాడు పొద్దున పూజపెట్టె ముందు అన్నం నైవేద్యం పెట్టి అమిద బుద్ధుడి నామం అనుకుంటున్నప్పుడు ఆయన్నే అడిగాను. స్వామీ, నా పేరు ఒక అట్టముక్క మీద చూసుకోవాలనుకోవడం అహంకారమా? బుద్ధుడు ఎప్పట్లాగే మెల్లగా నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఆయన ముందున్న ఇత్తడి గిన్నెలు తళతళలాడుతున్నాయి, నేనే తోమినవి. గుడిలో కూడా పండగల ముందు ఇత్తడి తోమడం మా ఆడవాళ్ళ సంఘం పనే. ఒకసారి పూజారిగారు, "మీరు తోముతున్నది గిన్నెలు కాదమ్మా, మీ మనసులు" అన్నారు. "అయితే మగవాళ్ళ మనసులు ఎవరు తోమాలండీ?" అని అడిగాను. నిజంగా తెలుసుకుందామనే అడిగాను. అందరూ నవ్వారు. పూజారిగారు నవ్వి, "ముందు టీ తాగండి" అన్నారు. ఆ టీ కూడా మేమే పెట్టాం.

ఆ డిసెంబరులో విమానం పూర్తయింది. నూనెరంగు ఆరడానికి వారం పడుతుంది, ఆరాక మెరుపు లేని మ్యాట్ వార్నిష్ కొడితే మసి పొడి అంతా దానితో అతుక్కుపోతుంది. అంతదాకా వేలు తగిలినా లేచిపోతుంది. అందుకని ముందుగదిలో అలమర మీద పెట్టి, ముట్టుకోవద్దని మా ఆయనకూ అత్తగారికీ చెప్పాను.

ఇళ్ళు దులిపే రోజు నేను వంటింట్లో స్టూలెక్కి ఫ్యాను విప్పుతుంటే టీవీలో ఎవరో, రిటైరైన భర్తలు ఇంటిపనిలో చెయ్యి వేయాలని చెబుతున్నారు. మా ఆయన లేచి వచ్చి, నా పక్కనున్న జిడ్డు వదిలించే మందు సీసా, తడిగుడ్డ తీసుకెళ్ళడం చూశాను. కిటికీలకేమో అనుకున్నాను. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. మర విప్పుతూ బుద్ధుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను.

రెక్కలు నీళ్ళలో వేసి ముందుగదిలోకి వచ్చేసరికి ఆయన దుప్పటి కప్పిన కొతాత్సు బల్ల కింద వెచ్చగా కాళ్ళు చాపుకుని కమలాపండు ఒలుచుకుంటున్నారు. అలమర మీద నా విమానం ఎడమ రెక్క మెరుస్తోంది. మసి లేదు, ఉప్పు లేదు, నూనెచారలు లేవు. మందు ఘాటుకు బూడిదరంగు కూడా కరిగి, వెండి మీద నాలుగు వేళ్ళ జాడ బారుగా పడి ఉంది. కుడి రెక్క మాత్రం అలాగే ఉంది.

"ఏంటిది?" అన్నాను.

"చూశావా? ఎంత దుమ్ము పట్టిందో! సగం అయింది. చెయ్యి నొప్పెట్టింది, మిగతాది రేపు తుడుస్తాలే."

అత్తగారు పక్కనే కూర్చుని ఉన్నారు. ఎనభై దాటినా కంఠం తగ్గలేదు. "చూశావటమ్మా, నా కొడుకు గుడ్డ పట్టాడు! వాళ్ళ నాన్న జన్మలో పట్టి ఎరగడు. అలా గుడ్లప్పగించి చూస్తావేం, థాంక్స్ చెప్పవేం?"

"అది దుమ్ము కాదత్తయ్యా. నేను వేసిన రంగు."

"దుమ్ములా ఉంటే దుమ్మనుకోడా మరి? ఎవరైనా పనిగట్టుకుని మురికి వేస్తారా?"

మా ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది. అంతలోనే సర్దుకున్నారు. "పోనీలే, మళ్ళీ వేసుకో. నీకు చేతనైన పనేగా. ప్రదర్శనకి ఇంకా రోజులున్నాయి."

మళ్ళీ వేసుకో. ఆ మాట ఆయన చెడ్డగా అనలేదు. చెడ్డ మనిషి కూడా కాదు. కానీ ఆ మాట నా చెవిలో పడ్డాక నేను అక్కడే నిలబడిపోయాను. వండితే తినేస్తారు, మళ్ళీ వండు. తుడిస్తే తొక్కుతారు, మళ్ళీ తుడువు. ఉతికితే విడుస్తారు, మళ్ళీ ఉతుకు. ఇన్నేళ్ళుగా నేను చేసినదేదీ మర్నాటిదాకా నిలవలేదు. నిలవకపోవడమే ఆ పనుల స్వభావమని, అందులోనే పుణ్యం ఉందని నాకు నేను చెప్పుకున్నాను, నమ్మాను కూడా. ఇంట్లో ఎక్కడ ఏ మురికి ఉన్నా అది నా తప్పుగా చూశారే తప్ప గుడ్డ పట్టినవాళ్ళు లేరు. ఇన్నాళ్ళకు ఆయన గుడ్డ పట్టారు. ఈ ఇంటి మొత్తంలో వెతికి వెతికి, తుడవకూడని ఒకే ఒక్క మురికిని తుడిచారు. నేను చేసినవాటిలో మర్నాటికి మిగిలేది అదొక్కటే. దాన్ని కూడా మళ్ళీ చేయమంటున్నారు.

పూజపెట్టె వైపు చూశాను. బుద్ధుడి ముఖం మీద ఏ తీర్పూ లేదు. అది నాకు ధైర్యంగానే తోచింది.

"మళ్ళీ చేయను" అన్నాను.

"కోపం వద్దోయ్..."

"కోపం కాదండీ. చేయను, అంతే."

విమానాన్ని మేడ మీదికి తీసుకెళ్ళి, ఆరనిచ్చి, ఎండ కాసిన రోజు చూసుకుని ఉన్నదున్నట్టుగా వార్నిష్ కొట్టాను. కుడి రెక్క మసితో, ఎడమ రెక్క నాలుగు వేళ్ళ జాడతో. ఆ జాడ మీద ఒక పొర ఎక్కువే కొట్టాను. ఇక దాన్ని ఎవరూ తుడవలేరు.

వంటింట్లో ఫ్యాను రెక్కలు నీళ్ళలోనే ఉండిపోయాయి. మర్నాడు అత్తగారు, "ఫ్యాను లేకుండా చేపలెలా కాలుస్తావమ్మా? ఇల్లంతా పొగ" అన్నారు. "మీ అబ్బాయినడగండత్తయ్యా, శుభ్రం చేయడం నేర్చుకున్నారుగా" అన్నాను. కొత్త సంవత్సరం సాయంత్రం మా ఆయన స్టూలెక్కి ఆ రెక్కలు తానే బిగించారు. రెండుసార్లు తిరగేసి బిగించారు. నేను చెప్పలేదు. మూడోసారికి ఫ్యాను తిరిగింది.

ప్రదర్శన క్లబ్బు హాల్లో. నా అట్టముక్క నేనే రాశాను. మా ఆయన కూడా వచ్చారు, టీ బల్ల దగ్గర పాత స్నేహితులతో నిలబడ్డారు. నగుమో గారు ఒక్కొక్క విమానమూ చూస్తూ నా దాని దగ్గరికి వచ్చి ఆగారు. కళ్ళద్దాలు నుదుటి మీద, అట్టముక్క ఆయనకు కనబడదు.

"కుడివైపు మసి అద్భుతం. కానీ అమ్మగారూ, ఈ ఎడమ రెక్క? ఏ విమానానికీ ఇలా ఒక్క రెక్కే మెరవదు. నేనేం చెప్పాను? కారణం ఉండాలన్నానా లేదా?"

"ఉందండీ" అన్నాను. "అదిగో, మీ వెనకే టీ తాగుతోంది."

ఆయన వెనక్కి చూశారు, ముందుకి చూశారు, కళ్ళద్దాలు కిందికి దించుకుని అట్టముక్క చదివారు. విమానం: మినోవా హత్సుయే. ఎడమ రెక్క తుడిచినది: మినోవా షిగెహారు.

మొదట నవ్వింది పక్క బల్ల దగ్గర బిస్కెట్లు సర్దుతున్న ఆడవాళ్ళు. ఒకావిడ మిగతావాళ్ళను పిలిచి చూపించింది. "మా ఇంట్లో అయితే రెండు రెక్కలూ తుడిచేవాడు!" అంది ఇంకొకావిడ. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. దగ్గరికి వచ్చి, "నలుగురిలో పరువు తీశావు" అని గొణిగారు. "పేరు వేయమన్నారుగా" అన్నాను.

నగుమో గారు నవ్వు ఆపుకుని మళ్ళీ వంగి చూశారు. అడుగు పడే చోట పోయిన రంగును వేలితో, తగలకుండా, చూపించారు. "పనితనం ఉందండీ, మీ దగ్గర. మే నెలలో పెద్ద ప్రదర్శనకి మన క్లబ్బు తరఫున పంపుదాం. అప్పటికి ఆ ఎడమ రెక్క మళ్ళీ వేసి తీసుకురండి."

మా ఆయన నావైపు చూశారు.

"ఇలాగే పంపితే పంపండి" అన్నాను. "అది నేను ఒకసారి చేశానండీ."