బేస్ ఆగే చోటు

పాటల ఆదివారం నాడు శాండ్ మౌంటెన్ కొండ మీద ఆడవాళ్ళు కోడి కూయకముందే లేస్తారు. మగవాళ్ళు గొంతు సవరించుకుంటూ తాపీగా లేస్తారు. పాడేది ఇద్దరూ అయినా, మధ్యాహ్నం చర్చి వెనక బల్లల మీదికి భోజనం తనంతట తాను నడిచి రాదు కదా. ఓవెల్లా కోడిముక్కలు వేయించి, మొక్కజొన్న గింజలు వెన్నలో మగ్గబెట్టి, అరటిపండు పుడ్డింగు గిన్నెని పాత ట్రక్కు ముందు సీటులో పసిబిడ్డలా చుట్టూ గుడ్డలు కుక్కి కూర్చోబెట్టింది. పక్కన పాటల పుస్తకం పడేసి బయల్దేరింది.

చర్చిలో బెంచీలు నాలుగు వైపులా ఎదురెదురుగా ఉంటాయి. వైపుకో గొంతు: టెనర్, ట్రెబుల్, ఆడవాళ్ళ కింది గొంతు ఆల్టో, మగవాళ్ళ లోతు గొంతు బేస్. వాద్యాలు లేవు, శ్రోతలూ లేరు. వచ్చినవాళ్ళందరూ పాడేవాళ్ళే. పేరు పిలిచినప్పుడు ఒక్కొక్కరూ లేచి మధ్యలోకొచ్చి, తమకి ప్రాణమైన పాట ఏదో, ఎందుకు ప్రాణమో రెండు ముక్కల్లో చెప్పి, చెయ్యి ఊపి అందరిచేతా పాడిస్తారు.

చచ్చిపోయినవాళ్ళ పాట పాడితే వాళ్ళూ వస్తారు. మనిషి కనపడదు, గొంతొక్కటే. అందుకే వాళ్ళ చోటు ఖాళీగా ఉంచుతారు. కిందటేడు ముసలి వెర్బన్ తన పాటకి వచ్చి, ఎప్పటిలాగే శ్రుతి తప్పి పాడి వెళ్ళాడు. "బతికున్నప్పుడూ అంతే, చచ్చీ బాగుపడలేదు" అని వాళ్ళావిడ విసుక్కుంది.

ఆల్టో బెంచీలో ఓవెల్లాకీ మేనకోడలు ట్విలాకీ మధ్య చోటు డెల్ఫియాది. హర్షెల్ భార్య. ఇంటి కింద సెల్లార్ మెట్ల మీంచి జారిపడి పోయిందన్నారు. మేజోళ్ళ మిల్లులో పనిచేసే ట్విలాని ఇప్పుడు ఆ హర్షెలే చేసుకోబోతున్నాడు. ఆ సాయంత్రం చివరి పాటకి ముందు ఆ సంగతి అందరికీ చెప్పాలని అనుకున్నాడు.

మొదటి పాటకే ఓవెల్లా కంట పడింది. ట్విలా ఎడమచేత్తో తాళం వేస్తోంది.

"కుడిచేతికేమైందే?"

"కారు తలుపులో పడింది అత్తా."

"తలుపు వేసిందెవరు?"

ట్విలా పుస్తకంలో పేజీలు తిప్పింది. ఒక ఏడాదంతా డెల్ఫియా కూడా ఎడమచేత్తోనే తాళం వేసింది. భుజానికి భుజం ఆనించి పాడేవాళ్ళకి పక్కమనిషికి ఏ పక్కటెముక నొప్పో ఊపిరిలో తెలిసిపోతుంది. ఆల్టో బెంచీకి తెలియని దెబ్బ ఆ కొండ మీద లేదు. ఎవరూ అడిగేవారు కాదు. అడిగితే జవాబు వినాల్సొస్తుంది.

వార్డెల్ పేర్లు పిలిచే పెద్దమనిషి. అతను పిలవగానే హర్షెల్ మధ్యలోకి వచ్చాడు. తెల్లచొక్కా, తలుపు నిండేంత మనిషి. ఆ చుట్టుపక్కల అంతటి బేస్ గొంతు లేదు.

"ఇది మా డెల్ఫియాకి ప్రాణం. పొద్దున్నే నాకు రొట్టెలు కాలుస్తూ ఇదే పాడుకునేది."

పాట మొదలైంది, అయిపోయింది. ఖాళీ చోటు ఖాళీగానే ఉంది. ఆమె పోయిన దగ్గర్నుంచీ ఏటా ఇదే తంతు.

"మొహమాటస్తురాలు, పాపం" అన్నారెవరో వెనక బెంచీలో.

ఓవెల్లాకి తెలుసు, డెల్ఫియా పాట అది కాదు. ఒకసారి ఇద్దరూ చిక్కుళ్ళు ఒలుస్తున్నప్పుడు డెల్ఫియా తనే చెప్పింది. "ఏరు దాటే పాట నాకెందుకిష్టమో తెలుసా? అందులో బేస్ ఆగే చోటొకటుంది. టెనర్లూ ట్రెబుల్ వాళ్ళూ కూడా ఆగుతారనుకో, వాళ్ళ సంగతెందుకు! ఆ కాసేపు ఆయన నోరు మూసుకు కూర్చోవాలి, నేను పాడాలి. పుస్తకంలో అచ్చువేశారు మరి, ఏం చెయ్యగలడు?" అని పడీపడీ నవ్వి, నవ్వితే నొప్పని పక్క పట్టుకుంది.

అయినా ఓవెల్లా ఆ పాట ఎన్నడూ పాడించలేదు. చచ్చి తప్పించుకున్న మనిషిని, వాడున్న గదిలోకి మళ్ళీ పిలవడం ఎందుకని.

భోజనాల దగ్గర హర్షెల్ పళ్ళెం పట్టుకుని వచ్చాడు. "ఓవెల్లా, నీ మేనకోడలు అన్నింట్లో ఉప్పు ఎక్కువేస్తుంది. నేర్చుకోవాలి."

"నేర్పేవాడివి దొరికావుగా."

పెద్దగా నవ్వి ట్విలా కుడి మణికట్టు మీద చెయ్యి వేశాడు. ట్విలా మొహం పాలిపోయింది. పాలిపోయిన మొహంతోనే నవ్వింది. ఆ నవ్వు ఓవెల్లాకి పాత పరిచయమే. పుడ్డింగు పళ్ళెం పక్కన పెట్టేసింది.

అందరూ లోపలికొచ్చి కూర్చున్నాక వార్డెల్ ఓవెల్లా పేరు పిలిచాడు. మధ్యలోకి వెళ్ళి ఆ ఖాళీ చోటు వైపు చూసింది. 'నిన్నిక్కడికి పిలవడం పాపమేనే తల్లీ. ఈ ఒక్కసారికీ రా.'

"ఏరు దాటే పాట" అంది పైకి. "నాది కాదు, డెల్ఫియాది."

"ఆమె పాట పొద్దున నేను పాడించానుగా" అన్నాడు హర్షెల్ బేస్ బెంచీలోంచి.

"నీ పాట పాడించావు నువ్వు. దీన్ని ఆమె ఎందుకు ప్రేమించిందంటే, ఇందులో బేస్ వాళ్ళు నోరు మూసుకునే చోటొకటుంది."

మగవాళ్ళు గొల్లున నవ్వారు. ఆల్టో బెంచీలో ఒక్కరూ నవ్వలేదు.

పాట ఎత్తుకున్నారు. రెండో పాదానికే వచ్చింది డెల్ఫియా. సన్నగా, కాస్త ముక్కుతో పాడే గొంతు. ట్విలా మోకాళ్ళు పక్కకి జరుపుకుని చోటిచ్చింది. బేస్ ఆగే చోటు రాగానే అందరూ ఆగారు. ఆల్టోలూ ఆమె కోసం ఆగారు. డెల్ఫియా ఒక్కతే పాడుతోంది.

హర్షెల్ ఆగలేదు.

ఆ కొండ మీద మగాడు తాగొచ్చు, పెళ్ళాన్ని కొట్టొచ్చు, ఆదివారం వచ్చి ముందు వరసలో కూర్చోవచ్చు. విరామంలో మాత్రం పాడకూడదు. అతని గొంతు లేచి గదంతా కమ్మింది. డెల్ఫియా పాట సగం మాటలో తెగింది. తెగిన చోట చిన్న ఊపిరి చప్పుడు. దెబ్బ పడబోయే ముందు లోపలికి లాక్కునే ఊపిరి. అది ట్విలా చెవి పక్కనే వినిపించింది. గురువారం కారు దగ్గర సరిగ్గా ఆ చప్పుడే తన గొంతులోంచి వచ్చింది.

పాడించేవాళ్ళు చెయ్యెత్తితే ఆ ముక్క మళ్ళీ పాడాల్సిందే. ఓవెల్లా చెయ్యెత్తింది.

మళ్ళీ ఆ చోటు వచ్చింది. మళ్ళీ హర్షెల్ పాడాడు, ఇంకా గట్టిగా. మళ్ళీ ఆ ఊపిరి. బేస్ వాళ్ళు తిరిగి అతన్నే చూశారు. ఇన్నేళ్ళలో ఒక్క దెబ్బకీ తిరగని తలలు తప్పు పాటకి తిరిగాయి.

"హర్షెల్, అక్కడ నీకు లేదయ్యా" అన్నాడు వార్డెల్.

ఓవెల్లా మూడోసారి చెయ్యెత్తింది. ఈసారి ట్విలా కుడిచేత్తో తాళం వేసింది. చొక్కా చెయ్యి జారింది. మణికట్టు చుట్టూ వాచి, కమిలి, నాలుగు వేళ్ళ ముద్రలు. కారు తలుపులకి వేళ్ళుండవు. నాలుగు వైపులా కూర్చున్నవాళ్ళందరూ చూశారు. ఇక చూడలేదని ఎవరూ అనడానికి లేదు.

ఆ చోటు వచ్చింది. హర్షెల్ నోరు తెరుచుకునే ఉంది, గొంతు రాలేదు. డెల్ఫియా దాన్ని మొదట్నుంచి చివరిదాకా తొందరపడకుండా పాడింది.

పాట అయ్యాక హర్షెల్ టోపీ తీసుకుని లేచాడు. "ట్విలా, పద."

"నా వంతింకా రాలేదు" అంది ట్విలా, తల ఎత్తకుండా.

తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఆల్టో బెంచీ అంతా పుస్తకాలు మూసి అతన్నే చూసింది. వెళ్ళిపోయాడు.

డెల్ఫియా మళ్ళీ ఏ పాటకీ రాలేదు.

శీతాకాలం వెళ్ళాక మిల్లులో ఎవరో చెప్పారని ట్విలా కబురు మోసుకొచ్చింది. హర్షెల్ నది అవతల కౌంటీలో పెళ్ళి చేసుకున్నాడు. అక్కడి చర్చిలో ముందు వరసలో కూర్చుని పాడుతున్నాడు. అంతటి బేస్ తమకి దొరికినందుకు వాళ్ళు మురిసిపోతున్నారు.

ఓవెల్లా కడుగుతున్న గిన్నె అక్కడే పెట్టేసింది. "ఆ పిల్ల ఏం పాడుతుంది?"

"ఆల్టో."

"ఏ చేత్తో తాళం వేస్తోందట?"

"నేనూ అదే అడిగాను అత్తా. ఎవరూ చూడలేదట."

ఓవెల్లా చేతులు తుడుచుకుని పాటల పుస్తకం అందుకుంది. ట్విలా అప్పటికే ట్రక్కు తాళాలు తీసుకుని గుమ్మం దిగింది.