ఒక్క జత బూట్లు

పొద్దున అయిదింటికి తాండూరు రైల్వే గేటు అవతల ఇరవై రెండు మంది సఫాయి కార్మికులు వరుసలో నిలబడి ఒకే జత బూట్లు తొడుక్కుంటున్నారు. ఒకరు తొడుక్కుని, చేతులకు నారింజ రంగు గ్లవ్స్ వేసుకుని, ఫోన్ ముందు నిలబడతారు. ఫోటో పడగానే విప్పి వెనకవాళ్లకు ఇస్తారు. ప్రతి సోమవారం ఇదే తంతు. ఊళ్లో సగం వార్డుల పారిశుధ్యాన్ని కాంట్రాక్టుకు పట్టిన సుశాంత్, మనుషులందరికీ రక్షణ సామగ్రి ఇచ్చానని వారం వారం పైకి రుజువు పంపాలి. ఇరవై రెండు జతలు కొనడం కన్నా ఇరవై రెండు ఫోటోలు తీయడం తేలిక కదా. ఫోటోలు తీసే సూపర్‌వైజర్ నవీన్‌కుమార్ ఆ బూట్లను గోనె సంచిలో వేసుకుని, స్కూటర్ మీద ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు తిప్పుతుంటాడు.

వరుస నడిపించడంలో జంగమ్మ దిట్ట. పెద్దేముల్ దగ్గరి పల్లెలో గొర్రెల మందను దొడ్లోకి తోలిన చెయ్యి అది. రోగమొచ్చి మంద పోయాక, నాలుగేళ్ల కింద భర్త బీరన్నతో కలిసి తాండూరు వచ్చి చీపురు పట్టింది. ఎవరికి బూటు ఇరుక్కున్నా మోకాళ్ల మీద కూర్చుని గుంజేస్తుంది. ఎడమ బూటు చినిగితే బీరన్న చేత సైకిల్ ట్యూబు ముక్క అతికించి తెచ్చింది కూడా. పని త్వరగా తెమిలితే అందరికీ మంచిదే అనుకునేది. అది నవ్వుకునే పనే అప్పటిదాకా. బూట్లు మగవాళ్ల కొలత కావడంతో ఆడవాళ్లు అడుగు వేయలేక ఊగుతుంటే వెనకున్నవాళ్లు మస్తు నవ్వేవాళ్లు.

ఆ సోమవారం ఫోటో దిగాక ఈరయ్య బూట్లు విప్పలేదు.

"చెల్లే, ఇయ్యాల గా బండల ఫ్యాక్టరీల కాడ మోరీల దిగుడున్నది. జర గీ బూట్లు పగటిదాక నాకిడువు" అన్నాడు.

బండలు పాలిష్ పట్టిన నీళ్లన్నీ ఆ మురుగుకాలువలోకే వస్తాయి. నీళ్లు పోయి పొడి మిగులుతుంది, మిగిలిన పొడి గట్టిపడుతుంది. దాన్ని గడ్డపారతో పగలగొట్టాలి. అడుగున బండ పెచ్చులుంటాయి, కత్తుల్లా ఉంటాయి.

"ఎనక ఇంక పదిమందున్నరే అన్న. గాడ పాత తాండూరు బ్యాచ్ ఎదురుచూస్తున్నదంట. సారు లొల్లి చేస్తడు" అంది జంగమ్మ. అంటూనే కూర్చుని ఆయన కాలు పట్టుకుని బూటు గుంజింది. ఈరయ్య కాలు బిగబట్టాడు. ఆమె ఇంకా గట్టిగా గుంజింది. వరుసలో ఎవరో నవ్వారు కూడా.

పది గంటలకు ఈరయ్య అరికాల్లో పెచ్చు దిగింది. మోరీ నీళ్లతోనే కడుక్కుని, పాత గుడ్డ కట్టుకుని సాయంత్రం దాకా పని చేశాడు. ఎనిమిదో రోజు అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతే దవడలు తెరుచుకోలేదు. డాక్టర్లు ధనుర్వాతం అన్నారు. మరో నాలుగు రోజులు ఒళ్లంతా విల్లులా వంగి వంగి చనిపోయాడు. పదకొండేళ్లు ఊరికి రోగం రాకుండా కాపు కాసిన మనిషి అతను. బ్లీచింగ్ చల్లాడు, దోమల పొగ కొట్టాడు, చచ్చిన కుక్కల్ని ఎత్తాడు. అతనికి ఒక్క టీకా వేయించాలన్న ఆలోచన మాత్రం ఆ పదకొండేళ్లలో ఏ ఒక్కరికీ రాలేదు.

పోయిన మూడో రోజు సుశాంత్ స్వయంగా ఈరయ్య ఇంటికి వచ్చాడు. తెల్ల చొక్కా, పక్కన నవీన్‌కుమార్. ఈరయ్య భార్య మార్త గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె కూడా అదే బ్యాచ్‌లో చీపురు పట్టే మనిషి. బ్యాచ్ వాళ్లంతా వాకిట్లో ఉన్నారు. సుశాంత్ బషీరాబాద్ వైపు కంది చేలున్న ఇంటివాడు, మాట మెత్తగా ఉంటుంది.

"మార్తమ్మ, మస్తు బాధైంది నాకు. కానీ ఒక్క మాట. ఈరయ్య ఆనాడు డ్యూటీల బూట్లు తొడుక్కునే ఉండె. ఇగో ఫోటో, టైము గూడ పడ్డది. దెబ్బ ఇంటికాడ తాకి ఉంటది. గదే రాసినం. మీ బ్యాచోళ్లు సాక్షి సంతకాలు పెడితే అయిపాయె."

ఫోన్‌లో ఈరయ్య నిలబడి ఉన్నాడు. నారింజ గ్లవ్స్, నల్ల బూట్లు. ముఖంలో నవ్వు లేదు.

పనిలో పోయాడని రాస్తే బాధ్యత కాంట్రాక్టరుది. ఇంటి దగ్గర దెబ్బ తగిలిందని రాస్తే ఈరయ్య తన ఖర్మాన తాను పోయినట్టు. బూట్లు లేవన్న మాట ఎక్కడా ఉండదు, రేపు ఇంకొకరు అదే మోరీలో దిగుతారు. వాళ్లు తెచ్చిన కాగితం మీద ఉన్నది ఇదే. వెళ్తూ వెళ్తూ నవీన్‌కుమార్ నేల చూపులు చూస్తూ చెప్పాడు, సోమవారానికల్లా సంతకాలు కావాలని, పెట్టనివాళ్లు మంగళవారం నుంచి పనికి రానక్కర్లేదని.

వాళ్లు పోయాక వాకిట్లో వాదన లేచింది. పెడదామన్నవాళ్లు ఉన్నారు. పోయినాయన తిరిగి రాడు, ఉన్న పని ఎందుకు పోగొట్టుకోవాలి అన్నారు. ఫోటో అబద్ధమని చెబితే ఆ అబద్ధంలో మనమూ ఉన్నాం కదా, మనల్నే జైల్లో వేస్తారు అన్నారు ఇంకొందరు. ఆ భయం ఉత్తది కాదు. ఇరవై రెండు మందీ వారం వారం కెమెరా ముందు నిలబడి సుశాంత్‌కు సాక్ష్యం ఇచ్చినవాళ్లే.

భాగమ్మ ఈరయ్యతో పాటు మోరీ పని చేసే మనిషి. నోరు దాచుకునే రకం కాదు.

"జైలంట, జైలు. గిందుల ఉన్న జంగమ్మను అడుగుండ్రి ముందుగాల. ఏమే జంగమ్మ, నువ్వు కురుమోళ్ల బిడ్డవు, నీకు రోడ్డు మీద చీపురు. మా మాదిగోళ్లకు మోరీ. మోరీల దిగేటోని కాళ్లకెంచి బూట్లు గుంజనీకి నీకు చేతులెట్లొచ్చినయే?"

వాకిలి మొత్తం జంగమ్మ వైపు తిరిగింది. రెండు వారాలుగా ఆమె ఈ మాట కోసమే భయపడుతూ ఉంది. నిద్రలో కూడా ఆ కాలు బిగబట్టిన బిగువు చేతులకు తగులుతూనే ఉంది. నవీన్ సార్ తిడతాడని చేశాను అనవచ్చు. అందరూ నవ్వారు కదా అనవచ్చు. ఆ రెండూ నిజాలే. కానీ చెప్పడానికి సిగ్గేసింది.

"గుంజింది నేనే. అన్న ఇడువుమన్నడు, నేను ఇడువలే" అంది.

మార్త తల ఎత్తింది. "నాకు ఎరికే. పెచ్చు దిగిన్నాడే చెప్పిండు. దవడ పట్టేదాక నిన్ను తిట్టుకుంటనే ఉండె" అంది.

క్షమించమని అడగడానికి జంగమ్మకు ధైర్యం చాలలేదు.

"గిప్పుడు నా వాకిట్ల చెప్పినవు. గిదే మాట వికారాబాద్ పోయి కలెక్టరు సారు ముంగట చెప్తవా?" అని మార్త అడిగింది. "చెప్తే నీ పని పోతది. నీ పేరు ఖరాబైతది. చెప్పకుంటే నా మొగడు ఇంట్ల కాలు కోసుకుని చచ్చినోడైతడు."

జంగమ్మ వచ్చి మార్త ఎదురుగా నేల మీద కూర్చుంది.

"చెప్త" అంది. "కానీ నేనొక్కదాన్ని చెప్తే పిచ్చిదంటరు. అందరి ఫోటోలు గావాలె."

ఫోటోలన్నీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోనే ఉన్నాయి. నవీన్‌కుమార్ పని చేసినట్టు చూపడానికి వారం వారం అందులో పెడుతూ వచ్చాడు, భాగమ్మ ఫోన్‌లో ఒక్కటీ చెరిగిపోలేదు. ఆనాటి ఇరవై రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. జంగమ్మ వేలు పెట్టి చూపింది. ఇరవై రెండు మంది ఎడమ కాళ్లకూ అదే ట్యూబు ముక్క అతుకు. కొలత కూడా ఒక్కటే, భాగమ్మకు మోకాలి దాకా, ఈరయ్యకు పిక్క దాకా.

"మనమే అయితిమి కదనే గీ పని చేసింది" అంది భాగమ్మ, ఈసారి గొంతు తగ్గించి. "వాడు ఫోటో దియ్యమన్నడు, మనం నవ్వుకుంట దిగినం." ఆ సాయంత్రం స్టేషన్ దగ్గర జిరాక్స్ షాపులో వాటిని కాగితాల మీద తీయించారు. అప్పటికీ ముగ్గురు వికారాబాద్‌కు రామన్నారు. వాళ్ల ఇళ్లకు మార్త తనే పోయింది. ఏం మాట్లాడిందో తెలియదు కాని సోమవారం పొద్దున వాళ్లు కూడా గేటు దగ్గర ఉన్నారు.

నవీన్‌కుమార్ స్కూటర్ ఆపి గోనె సంచి దించాడు. ఎవరూ వరుస కట్టలేదు. అతను సెల్ తీసి, రండి రండి అన్నాడు. జంగమ్మ ముందుకు వచ్చి సంచి భుజాన వేసుకుంది.

"బూట్లు ఇయ్యాల వికారాబాద్ పోతున్నయి సారు."

"పిచ్చి లేసిందా? సుశాంత్ సారుకు ఏం చెప్పాలె నేను?"

"గదే చెప్పు."

నవీన్‌కుమార్‌ది కూడా కాంట్రాక్టు ఉద్యోగమే. సంచి లాక్కోవాలని ఒక అడుగు వేశాడు, ఇరవై ఒక్క ముఖాలు చూసి వెనక్కి వేశాడు. వాళ్లు ప్యాసింజర్ రైలెక్కారు. ఆ పూట రైల్వే గేటు నుంచి మార్కెట్ దాకా చెత్త చెత్తగానే ఉండిపోయింది.

కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణి జరుగుతోంది. బంట్వారం నుంచి భూమి కాగితాల కోసం వచ్చిన రైతులు, పింఛన్ల కోసం వచ్చిన ముసలివాళ్లు బారులు తీరి ఉన్నారు. రెండు గంటలు నిలబడ్డాక వీళ్ల వంతు వచ్చింది. దరఖాస్తులు తీసుకుంటున్న అధికారి చదివి, ఎవరికో ఫోన్ చేసి, ఫోన్‌లోకి వచ్చిన ఫోటోను చూశాడు.

"ఫోటోలో బూట్లు ఉన్నాయి కదమ్మా."

జంగమ్మ సంచి విప్పి బూట్లు బల్ల మీద పెట్టింది. మిగతావాళ్లు ఎవరి ఫోటో వాళ్లు, ఒకదాని పక్కన ఒకటి పరిచారు. బల్ల చాలక కొన్ని నేల మీద పెట్టారు.

"గివే సారు ఆ బూట్లు. అందరియి గివే. ఈరయ్యన్న మోరీల దిగెటప్పుడు ఇడువుమన్నడు. నేనే గుంజుకున్న. ఉత్త కాళ్లతోని దిగి చచ్చిపోయిండు."

అధికారి కాగితాలు చూశాడు, బూటు మీది అతుకు చూశాడు.

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదు? ఈ మోసంలో మీరూ ఉన్నట్టే కదా."

"ఉన్నం సారు. మా అబద్ధం మేం ఒప్పుకోనీకే వచ్చినం. వాని అబద్ధం వానితోని ఒప్పియ్యుండ్రి" అంది జంగమ్మ.

విచారణ చేయిస్తామని, ఇక వెళ్లమని ఆయన చెప్పాడు. ఎవరితో విచారణ అని భాగమ్మ అడిగింది. రిపోర్టు పంపింది కాంట్రాక్టరు, మళ్లీ రిపోర్టు అడిగేది కూడా అతన్నే అని తేలింది. పనిలో పోయాడని రాసేదాకా కదలమని మార్త తలుపు ముందు కూర్చుంది. ఆమె వెనక జంగమ్మ, ఆ వెనక అందరూ కూర్చున్నారు. అరగంటలో పోలీసులు వచ్చారు. ఆడవాళ్లను రెక్కలు పట్టి మెట్ల మీదుగా ఈడ్చారు. జంగమ్మ మోచెయ్యి మెట్టుకు తగిలి చీరుకుపోయింది. బూట్లు ఎవరి కాలి కింద పడ్డాయో, ఎటు పోయాయో చూసే తీరిక దొరకలేదు.

అందరినీ ఎక్కించిన వ్యాన్ గేటు దాటబోతుంటే ఎదురుగా చెత్త రిక్షా అడ్డం వచ్చి ఆగింది. దాని వెనక మరొకటి ఆగింది. వికారాబాద్ రోడ్లు ఊడ్చే ఆడవాళ్లు, ఎనిమిది తొమ్మిది మంది ఉన్నారు. కలెక్టరేట్ ముందు ఊడుస్తూ, కిటికీల్లోంచి జరిగినదంతా విన్నారు. వాళ్లలో పెద్దమనిషి, మహేశ్వరి అనే ఆమె, రిక్షా దిగి నేరుగా వ్యాన్ వెనక్కి వచ్చి తలుపు పట్టుకుంది.

"నువ్వు తాండూరుదానివా?" అని ఎస్సై అడిగాడు.

"ఈడిదాన్నే సారు."

"మరి ఎందుకు ఎక్కుతున్నవ్? దిగు."

"మాకు గూడ గా సుశాంత్ సారే. ఈడ గూడ ఒక్కటే జత." ఆమె ఎక్కి జంగమ్మ పక్కన కూర్చుంది. వెనకున్నవాళ్లు ఒకరొకరుగా ఎక్కసాగారు. వ్యాన్‌లో చోటు చాలక ఇంకో బండి తెప్పించాల్సి వచ్చింది.

రాత్రికి చాలామందిని వదిలేశారు. జంగమ్మను, మహేశ్వరిని మాత్రం ఠాణాలోనే ఉంచారు, అధికారుల విధులకు అడ్డుపడ్డారని కేసు. మరునాడు పొద్దున కోర్టుకు తీసుకుపోయే ముందు భాగమ్మ అన్నం డబ్బాతో వచ్చింది. రెండు ఊళ్లలో చీపురు లేవలేదని చెప్పింది. తెల్లారేసరికి సుశాంత్ లారీ నిండా కొత్త బూట్లు తెచ్చాడని, ఎవరి కొలత వాళ్లకు పెట్టెల మీద రాసి మరీ రైల్వే గేటు దగ్గర పేర్చాడని చెప్పింది.

జంగమ్మ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపింది. "తొడుక్కున్నరా?"

"ఎవ్వలు తొడుక్కోలే. మార్త ఉత్త కాళ్లతోని పెట్టెల మీదికెక్కి కూసున్నది. ముందుగాల నా మొగడు పనిల సచ్చిండని రాయి, గప్పుడు చూద్దం అన్నది. పాత తాండూరోళ్లు గూడ వచ్చి కూసున్నరు. నేను గూడ పోవాలె, బస్సుకు టైమైతుంది."

"పో మరి" అంది జంగమ్మ. "డబ్బ నేను తెస్త తియ్యి, ఎప్పుడిడిస్తె అప్పుడు."