గడప మీద బొటనవేలు

మేస్త్రీ తన బావ గురించి మొదలుపెడితే ఎదుటివాడి టీ చల్లారిపోవాల్సిందే. దేశమంతా ఆయన్ని పెద్ద నాయకుడంటుంది. మేస్త్రీ లెక్కలో మాత్రం ఆయన ముందు అక్క మొగుడు, తర్వాత లిఫ్టులు చేసేవాడు, ఆ తర్వాతే ఇంకేదైనా.

ముప్పై ఏళ్ల కిందట ఇద్దరూ ఓ రేకుల షెడ్డులో మొదటి లిఫ్ట్ తయారు చేశారు. నాలుగంతస్తుల బట్టల దుకాణంలో దాన్ని బిగిస్తే, ఎక్కడానికి ఒక్కరికీ ధైర్యం చాలలేదు.

"అమ్మినవాడూ బిగించినవాడూ ముందు ఎక్కాలిరా బామ్మర్దీ. మనకే లేని నమ్మకం వాళ్ళకెక్కణ్ణుంచి వస్తుంది?" అంటూ బావ అతన్ని రెక్క పట్టుకుని లోపలికి లాగాడు.

ఇసుక బస్తాలు వేసుకుని పదిసార్లు పైకీ కిందికీ తిరిగారు. ఆగిన ప్రతిసారీ బావ చెప్పు విప్పి, లిఫ్ట్ గడపకూ బయటి నేలకూ మధ్య బొటనవేలు ఆనించి చూశాడు. రెండూ సమంగా తగిలితేనే తలూపాడు. కొలబద్ద ఉంది కదా బావా అంటే, "ఎక్కే ముసలావిడ కొలబద్ద తెచ్చుకోదురా, కాలే పెడుతుంది" అన్నాడు. ఆనాటి నుంచి కంపెనీలో అదే కట్టుబాటు. అమ్మినవాడూ బిగించినవాడూ పది తిరుగుళ్ళు తిరిగేదాకా ఏ లిఫ్టులోనూ మూడో మనిషి కాలు పెట్టకూడదు.

ఆయన రాజకీయాల్లోకి దిగిందీ ఒక లిఫ్ట్ వల్లే. పాత ప్రభుత్వాసుపత్రిలో బిగించిన లిఫ్టుకి కరెంటు ఇవ్వడానికి ఫైలు ఎనిమిది నెలలు కదల్లేదు. రోగుల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, నలుగురేసి మోసుకుంటూ మెట్లెక్కించేవారు. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి బావకి తల ప్రాణం తోకకొచ్చింది. "వీళ్ళని అడుక్కునేకంటే వీళ్ళ కుర్చీలో కూర్చుంటే పోలా?" అని అక్కతో అన్నాడు. వేళాకోళం అనుకుని అక్క నవ్వింది. మరుసటి ఎన్నికల్లో గెలిచి వచ్చాడు. మంత్రి అయిన రోజున కంపెనీని పూర్తిగా అమ్మేశాడు. అందులో ఆయనదంటూ మిగిలింది బావమరిది ఒక్కడే. పదిహేనేళ్ళు తిరిగేసరికి పార్టీ పగ్గాలు చేతికొచ్చాయి. ఈసారి గెలిస్తే దేశం పగ్గాలే.

ఎన్నికల ప్రకటన రేపో మాపో వస్తుందనగా పదకొండంతస్తుల కొత్త ఆసుపత్రి ప్రారంభం పెట్టారు. మంత్రిగా ఆయన పట్టుబట్టి కట్టించిన ఆసుపత్రి అది. లిఫ్ట్ బిగించింది మేస్త్రీ. ఈసారి అమ్మినవాడి బదులు కట్టించినవాడిగా తనే ఎక్కుతానని బావ అనడంతో, పది తిరుగుళ్ళూ ఆ రోజుకే అట్టే పెట్టాడు.

పొద్దున్నే పైనున్న మోటారు గదిలో బ్రేకు కీచుమంటోంది. కెమెరాల ముందు ఆ చప్పుడేమిటని మేస్త్రీ కీలు మీద నూనె వేశాడు. నాలుగు చుక్కలు చాలు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న చెయ్యి, ఆ రోజు తొందరలో ఆరు చుక్కలు వేసింది. కీచు పోయింది. మనుషులెవరూ లేకుండా ఇసుక బస్తాలతో ఒకసారి దింపి చూశాడు. లిఫ్ట్ ఆగాల్సిన చోటు దాటి, రెండు వేళ్ళ మేర కిందికి జారి ఆగింది.

మేస్త్రీ బ్రేకు మూత విప్పి చూశాడు. నూనె కారి బ్రేకు లోపలి పట్టీకి, అదే లైనింగుకి, అంటుకుంది! అది మార్చాలంటే నాలుగు గంటల పని. బయట బ్యాండు వాయిస్తున్నారు.

సభ ఏర్పాట్లు చూసే పెద్దమనిషిని అందరూ మైకు అంటారు. ఆయన చెవిలో చెప్తే మొహం పాలిపోయింది.

"నోరెత్తకయ్యా బాబూ! ఒక్క అంతస్తు ఎక్కించి దింపెయ్. ఆయన పెట్టిన కంపెనీ లిఫ్టే ఆగలేదంటే అవతలివాళ్ళు ఊరుకుంటారా? మీ బావని నీ చేత్తో నువ్వే ఓడిస్తావా?"

రెండు వేళ్ళే కదా, ఏమవుతుంది అని మేస్త్రీకీ అనిపించింది. అబద్ధమెందుకు, గట్టిగానే అనిపించింది. అంతలో కెమెరాలను వెంటేసుకుని బావ రానే వచ్చాడు. అప్పటికే వంగి చెప్పు విప్పుతున్నాడు.

"ఏరా బామ్మర్దీ, సిద్ధమేనా?"

ఆ ఉత్త కాలు చూడగానే మేస్త్రీకి ఏడుపొచ్చింది.

"సిద్ధం కాదు బావా. బ్రేకు జారుతోంది. తప్పు నాదే, నూనె ఎక్కువ పోశాను."

మైకు తల పట్టుకున్నాడు. బావ ఒక్క క్షణం మేస్త్రీ మొహంలోకి చూసి కెమెరాల వైపు తిరిగాడు.

"విన్నారుగా. ఇది బాగయ్యేదాకా ఎవరూ ఎక్కరు, నాతో సహా. పద, లైనింగు మారుద్దాం."

అరవై దాటిన మనిషి, నొప్పి మోకాలితో పదకొండంతస్తులూ మెట్ల మీద ఎక్కాడు. వెనకాల నాయకులు ఒక్కో అంతస్తులో ఒక్కరు రాలిపోయారు. మోటారు గదికి చేరింది ఇద్దరే. బావ చొక్కా చేతులు మడిచి టార్చి పట్టుకున్నాడు.

"ఓడిపోతే ఎలా బావా?" అన్నాడు మేస్త్రీ, తలెత్తకుండా.

"మళ్ళీ నీ దగ్గరికే పనికి వస్తాను. నీ కింద చెయ్యాలే అన్నదొక్కటే దిగులు. ఆ పాత పట్టీ ఇటివ్వు."

సాయంత్రం ఎండ వాలుతుండగా పది తిరుగుళ్ళూ పూర్తయ్యాయి. పదిసార్లూ బొటనవేలికి గడప సమంగా తగిలింది. అప్పుడు గానీ రోగుల్ని ఎక్కనివ్వలేదు.

మర్నాడు పత్రికలు ఆడిపోసుకున్నాయి. లిఫ్టునే ఆపలేనివాడు దేశాన్నేం నడుపుతాడని అవతలివాళ్ళు ఊరూరా నవ్వారు. ఎన్నికలయ్యేదాకా మేస్త్రీకి అన్నం సయించలేదు, అక్క మొహం చూడలేకపోయాడు. బావ ఎక్కడా సంజాయిషీ ఇచ్చుకోలేదు. జనం ఏమనుకున్నారో ఏమో, ఓట్లు లెక్కపెడితే ఆయనే గెలిచాడు.

ప్రమాణ స్వీకారం అయిన మధ్యాహ్నం మేస్త్రీకి ఫోను మోగింది.

"ఏరా, తిన్నావా?"

"తిన్నాను బావా. టీవీలో చూశాం. ముందు వరసలో అక్క ఒకటే ఏడుపు."

"సరే గానీ, ఇక్కడ నా కొత్త ఆఫీసు లిఫ్ట్ అర అంగుళం కిందికి ఆగుతోందిరా. చెప్పు విప్పి చూశాను. చుట్టూ ఇరవై మంది ఉన్నారు, ఎవర్నడిగినా బ్రహ్మాండంగా ఉందంటున్నారు."

అటు పక్క తలుపు మూసిన చప్పుడైంది.

"నువ్వొచ్చెయ్‌రా," అన్నాడు బావ.

మేస్త్రీ కళ్ళు తుడుచుకుని, పనిముట్ల సంచీ ఎక్కడ పెట్టావే అని పెళ్ళాన్ని కేకేశాడు.